ఎల్‌ఎస్‌యూ 2019 సీజన్: పదిహేనుకి పదిహేను గెలిచిన కాలేజీ జట్టు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో సిన్సినాటి బెంగాల్స్ మ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "ఈ బరో, ఈ చేస్ ఒకే కాలేజీలో ఆడారట కదా, ఆ సంగతేంటి?" అని. ఒకరికి చెప్పడం మొదలుపెడితే గంట పడుతుంది. అందుకే వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. అమెరికా చదువుకి కొత్తగా వచ్చి, శనివారం ఊరంతా ఒకే రంగు చొక్కాలు వేసుకుని ఎక్కడికి పోతోందో అర్థం కాని వాళ్లకి కూడా ఇది పనికొస్తుంది.

ఎల్‌ఎస్‌యూ అంటే ఏమిటి?

లూసియానా స్టేట్ యూనివర్సిటీ. లూసియానా రాజధాని బేటన్ రూజ్‌లో, మిసిసిపీ నది పక్కనే ఉంటుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం. జట్టు పేరు టైగర్స్, రంగులు ఊదా, బంగారం. ఊరి జనాభా రెండు లక్షల పైచిలుకు, ఆ ఊళ్లోని టైగర్ స్టేడియంలో పట్టేది లక్షా రెండు వేల మంది. ఆ లెక్క చూస్తేనే ఆట మీద వాళ్ల పిచ్చి ఎంతో తెలుస్తుంది.

1988లో ఆబర్న్ జట్టు మీద చివర్లో ఒక టచ్‌డౌన్ పడితే జనం చేసిన గోలకి క్యాంపస్‌లో ఉన్న భూకంప నమోదు యంత్రంలో గీత కదిలింది. ఆ కాగితాన్ని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

ఇది మనం ఫుట్‌బాల్ అనే ఆట కాదు కదా?

కాదు. ఇందులో కాలితో తన్నడం అప్పుడప్పుడే, చేతులతో పనే ఎక్కువ. జట్టుకి పదకొండు మంది. మైదానం వంద గజాలు. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు ఇస్తారు, ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు, పోకపోతే బంతి అవతలివాళ్లకి. ఈ ఒక్కో అవకాశాన్నే 'డౌన్' అంటారు. అవతలి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆ తర్వాత బంతిని కొయ్యల మధ్యకి తంతే ఒకటి, తన్నకుండా ఇంకోసారి గీత దాటిస్తే రెండు. టచ్‌డౌన్ దాకా పోలేనప్పుడు దూరం నుంచి తన్ని తెచ్చుకునే ఫీల్డ్ గోల్‌కి మూడు.

ఈ ఆట నాకు కబడ్డీని దృష్టిలో పెట్టుకుంటేనే ఎక్కింది. ప్రతి డౌన్ ఒక కూత లాంటిది. అందరూ వరసగా నిలబడతారు, ఒక్కసారిగా కదులుతారు, ఐదారు సెకన్లలో అయిపోతుంది, మళ్లీ మొదటికి. క్రికెట్‌తో పోల్చి నేర్చుకుందామని చూస్తే మాత్రం తికమక తప్పదు.

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని, ఎవరికి విసరాలో ఆ రెండు మూడు సెకన్లలో తేల్చుకునేవాడు. రిసీవర్లు దాన్ని పట్టేవాళ్లు. ఈ కథకి ఇంతమాత్రం తెలిస్తే చాలు.

2019కి ముందు జట్టు ఎలా ఉండేది?

చెడ్డ జట్టు కాదు. 1958, 2003, 2007లలో జాతీయ టైటిల్ గెలిచిన జట్టు. కానీ ఆట పాతకాలపుది. బంతిని రన్నింగ్ బ్యాక్ (దాన్ని పట్టుకుని పరిగెత్తేవాడు) చేతిలో పెట్టి "పో" అనడం, డిఫెన్స్ మీద భారం వేసి నెట్టుకురావడం. ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌కి పోయే మెరికల్లాంటి రిసీవర్లు ఏటా వచ్చేవాళ్లు, బంతి మాత్రం వాళ్ల దాకా అంతంతమాత్రంగానే వెళ్లేది.

అసలు బాధ అలబామా యూనివర్సిటీ జట్టు. 2011 నవంబర్‌లో అలబామాని 9-6తో ఓడించారు. అదే సీజన్ చివర, 2012 జనవరిలో న్యూ ఆర్లియన్స్ సూపర్‌డోమ్‌లో జాతీయ ఫైనల్‌లో మళ్లీ అలబామానే తగిలింది. సొంత రాష్ట్రం, సొంత జనం. 21-0తో ఓడిపోయారు. ఒక్క పాయింటు కూడా రాలేదు. అక్కడి నుంచి వరసగా ఎనిమిది సార్లు అలబామా చేతిలో ఓటమే. 2016లో 10-0, 2018లో 29-0, రెండూ సొంత స్టేడియంలోనే. అప్పటి అలబామా కోచ్ నిక్ సేబన్ అంతకుముందు ఎల్‌ఎస్‌యూకే కోచ్, 2003 టైటిల్ తెచ్చిపెట్టింది ఆయనే. పుండు మీద కారం అన్నమాట.

కోచ్ ఎవరు?

ఎడ్ ఓర్జెరాన్. లూసియానా దక్షిణాన, బయూలనే చిత్తడి కాలవల ఒడ్డున ఉండే లరోజ్ ఊరివాడు. ఫ్రెంచి మూలాలున్న కేజన్ జనం యాస, గొంతులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు మాట. టీవీ వాళ్లకి ఆయన గొంతంటే ఒక వేడుక.

ఆయన జాతకం మాత్రం వేడుకగా సాగలేదు. కుర్రాడిగా ఎల్‌ఎస్‌యూలో ఆడటానికి చేరి, ఇంటి మీద బెంగతో కొద్ది రోజులకే వదిలేశాడు. తర్వాత నార్త్‌వెస్టర్న్ స్టేట్ అనే చిన్న కాలేజీలో ఆడాడు. ఓలె మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) జట్టుకి 2005 నుంచి 2007 దాకా కోచ్‌గా ఉంటే వచ్చిన ఫలితం పది గెలుపులు, ఇరవై ఐదు ఓటములు. తీసేశారు. 2013లో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ)లో తాత్కాలిక కోచ్‌గా బాగానే నడిపించాడు, కానీ పదవి వేరేవాళ్లకి ఇచ్చారు. 2016 సెప్టెంబర్‌లో లెస్ మైల్స్‌ని తీసేసినప్పుడు ఎల్‌ఎస్‌యూలోనూ మొదట తాత్కాలికమే. నవంబర్‌లో ఖాయం చేస్తే "ఇంతకన్నా పెద్ద కోచ్ దొరకలేదా" అన్నవాళ్లే ఎక్కువ. 2017లో ట్రాయ్ అనే చిన్న జట్టు సొంత గడ్డ మీదే వచ్చి ఓడించిపోయింది. ఆ రాత్రి ఆయన ఉద్యోగం ఉంటుందని ఎవరూ పందెం కాసి ఉండరు.

జో బరో ఎక్కడివాడు?

పుట్టింది అయోవాలో, పెరిగింది ఒహాయో ఆగ్నేయ మూల ఏథెన్స్ దగ్గర. నాన్న జిమ్ బరో ఒహాయో యూనివర్సిటీలో డిఫెన్స్ కోచ్. నాన్న, అన్నలు నెబ్రాస్కాకి ఆడారు. నెబ్రాస్కా మాత్రం ఇతనికి చోటు ఇవ్వలేదు. ఒహాయో స్టేట్‌లో చేరి మూడేళ్లు బెంచీ మీదే గడిపాడు. 2018 వసంతంలో క్వార్టర్‌బ్యాక్ చోటు కోసం జరిగిన పోటీలో డ్వేన్ హాస్కిన్స్ ముందుకొచ్చాడు. అప్పటికి డిగ్రీ చేతికొచ్చింది కాబట్టి, అప్పటి నిబంధన ప్రకారం ఇంకో కాలేజీకి మారి వెంటనే ఆడొచ్చు. అలా బేటన్ రూజ్ వచ్చాడు.

మొదటి ఏడాది మామూలే. విసిరిన బంతుల్లో 57.8 శాతం చేరాయి, 16 టచ్‌డౌన్లు. "గట్టివాడు, పనికొస్తాడు" అన్నారు, అంతే. ఆ గట్టితనం 2019 జనవరి 1న ఫియెస్టా బౌల్ అనే సీజన్ చివరి మ్యాచ్‌లో కనబడింది. యూసీఎఫ్ మీద మొదట్లోనే అతను విసిరిన బంతి అవతలివాళ్ల చేతికి పోయింది, దాని వెనక పరిగెడుతుంటే ఒక ఆటగాడు వచ్చి గుద్దితే నేలకి అతుక్కుపోయాడు. లేచి వచ్చి నాలుగు టచ్‌డౌన్లు విసిరి 40-32తో గెలిపించాడు.

ఒక్క ఏడాదిలో ఏం మారింది?

చాలామంది "జో బ్రేడీ వచ్చాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగం నిజం.

న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ అనే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టులో కోచ్ షాన్ పేటన్ కింద చిన్న ఉద్యోగం చేస్తున్న కుర్రాడు బ్రేడీ. వయసు 29. ఓర్జెరాన్ అతన్ని పిలిచి పాసింగ్ ఆట చూసుకొమ్మన్నాడు. అఫెన్స్ (బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆట) చూసుకునే కోచ్ స్టీవ్ ఎన్స్‌మింగర్ అప్పటికే అక్కడున్నాడు. ఒకప్పుడు ఎల్‌ఎస్‌యూకే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన మనిషి. 2017లో ఆయన్ని పక్కనపెట్టి ఇంకొకర్ని తెచ్చారు, అది బెడిసికొట్టాక మళ్లీ పిలిచారు. దాదాపు సగం వయసున్న కుర్రాడు వచ్చి పక్కన కూర్చుంటే అరవై ఏళ్లవాడు ముఖం మాడ్చుకోవాలి. ఎన్స్‌మింగర్ అలా చేయలేదు. ఏ ఎత్తు ఎప్పుడు వేయాలో పిలవడం ఎక్కువగా ఆయన చేతిలోనే ఉంది, కొత్త ఎత్తుల పుస్తకం బ్రేడీది. ఈ ఇద్దరి సర్దుబాటు గురించి ఎవరూ పెద్దగా రాయరు. నా మటుకు ఆ సీజన్‌లో అదే పెద్ద వార్త.

ఎత్తు ఏమిటంటే, బంతి పట్టగల ఐదుగురినీ మైదానం అంతా పరిచేయడం. క్వార్టర్‌బ్యాక్ పక్కన కాపలాకి ఎవరూ ఉండరు. అవతలివాళ్లు ఎవర్ని వదిలేస్తే బంతి వాళ్లకి. దీనికి భయం లేని, తొందరగా లెక్కకట్టే మనిషి కావాలి. బరో సరిగ్గా అలాంటివాడు. పట్టేవాళ్లలో జమార్ చేస్, జస్టిన్ జెఫర్సన్, టెరెస్ మార్షల్. బంతి మోయడానికి ఐదడుగుల ఎనిమిది అంగుళాల క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్. వీళ్లలో చాలామంది 2018లోనూ అదే జట్టులో ఉన్నారు. సరుకు ముందునుంచీ ఇంట్లోనే ఉంది, వంట మారింది.

ఏయే జట్ల మీద గెలిచారు?

ఆగస్టు 31న జార్జియా సదరన్ మీద 55-3తో మొదలు. వారం తర్వాత ఆస్టిన్‌లో టెక్సాస్ మీద 45-38. తర్వాత నార్త్‌వెస్టర్న్ స్టేట్ (కోచ్ గారి పాత కాలేజీయే, 65-14, మొహమాటం ఏమీ లేదు), వాండర్‌బిల్ట్ 66-38. అక్టోబర్‌లో యూటా స్టేట్ 42-6, ఫ్లోరిడా 42-28, మిసిసిపీ స్టేట్ 36-13, ఆబర్న్ 23-20. నవంబర్‌లో అలబామా 46-41, ఓలె మిస్ 58-37, ఆర్కన్సా 56-20, టెక్సాస్ ఏ అండ్ ఎం 50-7. ఇక్కడికి మామూలు సీజన్ పన్నెండు. తర్వాత ఎస్‌ఈసీ (ఎల్‌ఎస్‌యూ ఆడే దక్షిణాది కాలేజీల లీగ్) ఫైనల్‌లో జార్జియా 37-10, సెమీస్‌లో ఓక్లహోమా 63-28, ఫైనల్‌లో క్లెమ్సన్ 42-25.

సీజన్ మొదలు కాకముందు ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) ర్యాంకింగ్‌లో మొదటి నాలుగు జట్లు క్లెమ్సన్, అలబామా, జార్జియా, ఓక్లహోమా. ఎల్‌ఎస్‌యూది ఆరో స్థానం. ఏడాది తిరిగేలోపు ఆ నలుగుర్నీ ఓడించారు.

అలబామా మ్యాచ్‌కి అంత ప్రాముఖ్యం ఎందుకు?

ఎనిమిదేళ్ల బాకీ కాబట్టి. 2019 నవంబర్ 9, టస్కలూసా, అవతలివాళ్ల గడ్డ. ఏపీ ర్యాంకింగ్‌లో అప్పుడు ఎల్‌ఎస్‌యూ ఒకటి, అలబామా రెండు. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కూడా వచ్చి కూర్చున్నాడు. సగం ఆటకి 33-13తో ఎల్‌ఎస్‌యూ ముందుంది. మామూలుగా అయితే టీవీ కట్టేసి పడుకోవచ్చు. కానీ అలబామా రెండో సగంలో ఒక్కొక్క టచ్‌డౌనే వేస్తూ దగ్గరికొచ్చేసింది. చీలమండకి ఆపరేషన్ అయిన మూడు వారాలకే దిగిన టువా టగోవైలోవా 418 గజాలు విసిరాడు. ఎల్‌ఎస్‌యూ అభిమానులకి పాత భయం మళ్లీ పట్టుకుంది, టెన్షన్ అంటే అదీ.

ఆ రెండో సగాన్ని నిలబెట్టింది ఎడ్వర్డ్స్-హెలేర్. ఇద్దరు ముగ్గురు మీద పడ్డా జారిపోయి ఇంకో రెండు గజాలు లాగేవాడు. మొత్తం నాలుగు టచ్‌డౌన్లు. బరో 39 విసిరితే 31 చేరాయి, 393 గజాలు. అయిపోయాక అతన్ని భుజాల మీద మోసుకొచ్చారు.

గట్టి పోటీ అదేనా?

తేడా చూస్తే ఆబర్న్. మూడే పాయింట్లు. ఆబర్న్ డిఫెన్స్ ముందు వరసలో డెరిక్ బ్రౌన్ లాంటి కొండలుండేవి. ఎల్‌ఎస్‌యూని ఆ ఏడాది 36 పాయింట్ల లోపు ఆపింది ఆ ఒక్క జట్టే.

డిఫెన్స్ బలహీనం అంటారు, నిజమా?

నవంబర్ మధ్య దాకా అవును. వాండర్‌బిల్ట్ లాంటి జట్టు 38 కొట్టింది. ఓలె మిస్ క్వార్టర్‌బ్యాక్ ప్లమ్లీ ఒక్కడే 212 గజాలు పరిగెత్తాడు. ఆ వారం డిఫెన్స్ కోచ్ డేవ్ అరాండాని తిట్టనివాళ్లు లేరు. అయితే గాయాల నుంచి మనుషులు తిరిగొచ్చాక జట్టు వేరైంది. వెనక గ్రాంట్ డెల్పిట్, మొదటి ఏడాది కుర్రాడు డెరిక్ స్టింగ్లీ, మధ్యలో పాట్రిక్ క్వీన్. ఏ అండ్ ఎంకి ఏడు, జార్జియాకి పది దాటనివ్వలేదు.

ఏ అండ్ ఎం మీద ఆ 50-7కి ఇంకో లెక్క ఉంది. అంతకుముందు ఏడాది అదే జట్టుతో ఏడు ఓవర్‌టైమ్‌లు ఆడి 74-72తో ఓడిపోయారు. 2019లో అది బరోకి సొంత గడ్డ మీద చివరి మ్యాచ్ కూడా. తన ఇంటిపేరుని కేజన్ ఫ్రెంచి పద్ధతిలో స్పెల్లింగ్ మార్చి వీపు మీద కుట్టించుకుని మైదానంలోకి వచ్చాడు. స్టేడియం ఊగిపోయింది. ఒహాయో కుర్రాణ్ని లూసియానా దత్తత తీసుకున్న రోజు అది.

సెమీఫైనల్ రోజు జరిగిన విషాదం ఏమిటి?

2019 డిసెంబర్ 28. అట్లాంటాలో ఓక్లహోమాతో పీచ్ బౌల్. ఆ పొద్దున లూసియానాలోని లఫియెట్‌లో ఒక చిన్న విమానం కూలింది. అందులో ఎన్స్‌మింగర్ కోడలు ఉంది, మ్యాచ్ చూడటానికి బయల్దేరిన మనిషి. ఆట మొదలయ్యేలోపే కబురు ఆయనకి చేరింది. ఆయన వెళ్లి తన చోట కూర్చుని ఆట నడిపించాడు. సగం ఆటకే బరో ఏడు టచ్‌డౌన్లు విసిరాడు, అందులో నాలుగు జెఫర్సన్‌కే. 49-14.

ఆ స్కోరు చూసి అందరూ గంతులేస్తుంటే పైన అద్దాల గదిలో ఆయన కళ్లు తుడుచుకోవడం టీవీలో చూపించారు. ఆ మ్యాచ్ మళ్లీ చూసినప్పుడల్లా నాకు టచ్‌డౌన్ల కంటే అదే గుర్తుంటుంది.

ఫైనల్ ఎలా సాగింది?

2020 జనవరి 13, సోమవారం రాత్రి, న్యూ ఆర్లియన్స్. మళ్లీ అదే సూపర్‌డోమ్, ఎనిమిదేళ్ల కిందట సున్నాకి ఓడిన చోటు. మనకి అది జనవరి 14 తెల్లవారు, భోగి. ఇక్కడ వీధుల్లో మంటలు ఆరుతుండగా అక్కడ ఆట మొదలైంది.

ఎదురుగా ట్రెవర్ లారెన్స్ క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న క్లెమ్సన్. వరసగా 29 మ్యాచ్‌లు ఓడని జట్టు, ముందు ఏడాది ఛాంపియన్. మొదట్లో బరోకి ఊపిరి ఆడనివ్వలేదు, 17-7తో ముందుకెళ్లారు. ఆ సీజన్‌లో ఎల్‌ఎస్‌యూ పది పాయింట్లు వెనకబడటం అదే మొదటిసారి. అప్పుడు మూడు టచ్‌డౌన్లు వరసగా పడ్డాయి, సగం ఆటకి 28-17. చేస్ తనని కాపలా కాసేవాణ్ని రెండుసార్లు దాటేసి టచ్‌డౌన్లు పట్టాడు, మొత్తం తొమ్మిది క్యాచ్‌లు, 221 గజాలు. మూడో క్వార్టర్‌లో క్లెమ్సన్ 28-25 దాకా వచ్చింది, అంతే. బరో 463 గజాలు, ఐదు టచ్‌డౌన్లు విసిరి, ఒకటి తానే పరిగెత్తి వేశాడు. తర్వాత డ్రెస్సింగ్ రూమ్‌లో చుట్ట వెలిగించి కూర్చున్న అతని ఫొటో మీరూ చూసే ఉంటారు.

అంకెలు చెప్పండి.

జట్టు మొత్తం 726 పాయింట్లు, మ్యాచ్‌కి 48 పైన. పెద్ద డివిజన్‌లో ఒక సీజన్‌లో అంతకుముందు ఎవరూ అన్ని కొట్టలేదు. బరో 5,671 గజాలు, 60 టచ్‌డౌన్ పాస్‌లు, అవతలివాళ్లకి చిక్కినవి ఆరే, 76.3 శాతం చేరాయి. 2006లో హవాయి ఆటగాడు కోల్ట్ బ్రెనన్ పెట్టిన 58 రికార్డు పోయింది. (2021లో బెయిలీ జాప్పీ 62తో దాన్నీ దాటాడు.) చేస్ 1,780 గజాలు, 20 టచ్‌డౌన్లు. జెఫర్సన్ 111 క్యాచ్‌లు. ఎడ్వర్డ్స్-హెలేర్ 1,414 గజాలు పరుగు.

హైస్‌మన్ ట్రోఫీ సంగతి?

కాలేజీ ఆటలో ఏడాదికి ఒక్కరికే ఇచ్చే పెద్ద గౌరవం. బరో రెండో స్థానం జేలన్ హర్ట్స్ కంటే 1,846 పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నాడు, 1968 నుంచి ఓజే సింప్సన్ పేరున ఉన్న తేడా రికార్డు చెరిగిపోయింది. ఎల్‌ఎస్‌యూకి 1959లో బిల్లీ కానన్ తర్వాత ఇదే.

వేదిక మీద ఏడుస్తూనే తన ప్రాంతపు పేదరికం గురించి మాట్లాడాడు, ఇంట్లో తిండి చాలని పిల్లల గురించి. అది విని ఎవరో ఏథెన్స్ కౌంటీ ఆహార నిధికి విరాళాలు మొదలుపెడితే ఐదు లక్షల డాలర్లు దాటాయి.

ఆటగాళ్లకి డబ్బులు ఇచ్చారా?

లేదు, స్కాలర్‌షిప్పే. ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకునే వీలు 2021 జులైలో వచ్చింది. అదే 2019లో అరాండా జీతం ఏడాదికి 25 లక్షల డాలర్లు. టైటిల్ గెలిచాక ఓర్జెరాన్‌కి ఆరేళ్లకి 4 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం రాశారు. ఫైనల్ అయ్యాక మైదానంలోనే పూర్వ విద్యార్థి ఓడెల్ బెక్హమ్ జూనియర్ కుర్రాళ్ల చేతిలో నోట్లు పెట్టడం కెమెరాలకి చిక్కింది. అది పెద్ద రభస అయింది, యూనివర్సిటీ అతన్ని రెండేళ్లు తమ ప్రాంగణంలోకి రానివ్వలేదు. కోట్లు పోతున్న చోట ఆ నోట్లే నేరమయ్యాయి, నాకు నవ్వొచ్చింది.

తర్వాత ఏమైంది? మళ్లీ గెలిచారా?

అంతా చెదిరిపోయింది. 2020 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే చోటు) 14 మంది వెళ్లిపోయారు, మొదటి రౌండ్‌లోనే ఐదుగురు. బరో అందరికన్నా ముందు, బెంగాల్స్‌కి. బ్రేడీ కరొలైనా పాంథర్స్‌కి, అరాండా బేలర్‌కి హెడ్ కోచ్‌గా. చేస్ కరోనా ఏడాది ఆడనన్నాడు. 2020లో మొదటి మ్యాచ్‌లోనే మిసిసిపీ స్టేట్ చేతిలో 44-34తో ఓటమి, చివరికి ఐదు గెలుపులు, ఐదు ఓటములు. 2021 మార్చిలో ఇంకో చేదు నిజం బయటపడింది. లైంగిక వేధింపుల ఫిర్యాదుల్ని యూనివర్సిటీ ఏళ్లుగా సరిగ్గా పట్టించుకోలేదని, వాళ్లే నియమించిన న్యాయసంస్థ నివేదిక ఇచ్చింది. అదే అక్టోబర్‌లో ఓర్జెరాన్ పోతున్నట్టు ప్రకటించారు. టైటిల్ గెలిచి రెండేళ్లు కూడా నిండలేదు.

బరో, చేస్ మాత్రం బెంగాల్స్‌లో మళ్లీ కలిశారు, మొదటి ఏడాదే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లి 23-20తో ఓడారు.

చరిత్రలో ఇదే గొప్ప జట్టా?

2001 మయామి అంటారు కొందరు, 1995 నెబ్రాస్కా అంటారు ఇంకొందరు. పదిహేనుకి పదిహేను గెలవడం కూడా ఈ కాలంలో కొత్త కాదు, ముందు ఏడాదే క్లెమ్సన్ చేసింది. డిఫెన్స్ కూడా కలిపి తూస్తే నేను మయామికే ఓటేస్తాను. కానీ బంతి చేతిలో ఉన్నప్పుడు ఇంతకన్నా భయపెట్టిన జట్టుని చూపించమంటే నా దగ్గర పేరు లేదు.

నిజం పులి ఉంటుందట?

ఉంటుంది. స్టేడియం ఎదురుగా పెద్ద ఆవరణలో మైక్ అనే పులి. 1936 నుంచి ఒకటి పోతే ఇంకోటి. 2019లో ఉన్నది ఏడో మైక్. మ్యాచ్‌కి తీసుకురారు, తన చెరువులో ఈదుకుంటూ ఉంటాడు.

ఒక్కటే చూడగలను, ఏది చూడమంటారు?

టెక్సాస్ మ్యాచ్ నాలుగో క్వార్టర్. ఎల్‌ఎస్‌యూ 37-31తో ముందుంది, రెండున్నర నిమిషాలే మిగిలాయి, మూడో డౌన్, పోవాల్సింది 17 గజాలు. పాత ఎల్‌ఎస్‌యూ అయితే బంతిని రన్నింగ్ బ్యాక్‌కి ఇచ్చి గడియారం నడిపించి, తన్నేసి, డిఫెన్స్‌కి దండం పెట్టేది. ఇక్కడ బరోని పడేయడానికి టెక్సాస్ మీదమీదకి మనుషుల్ని పంపింది. అతను ఒక అడుగు ముందుకి జరిగి, పడబోతూ జెఫర్సన్‌కి వేశాడు. జెఫర్సన్ పట్టుకుని 61 గజాల టచ్‌డౌన్. అప్పటికి సెప్టెంబర్ ఏడే.